ఓడ, అల, ఆకాశం: 1/700 యుద్ధనౌకను పరుగెత్తే సముద్రంలో కూర్చోబెట్టడం ఎలా?

"ఓడ బాగానే వచ్చిందండీ, సముద్రమే సిమెంటు రేకులా ఉంది." స్కేల్ ఓడలు (అసలు ఓడ కొలతల్ని తగ్గించి చేసే చిన్న మోడళ్లు) కట్టేవాళ్లు నాతో ఎక్కువగా అనే మాట ఇది. ఆ వెంటనే వచ్చే ప్రశ్న, "వెనక ఆకాశం బొమ్మ వేసి పెట్టాను, అది ఓడకి అతకడం లేదు, ఎందుకు?"

రెండింటికీ జబ్బు ఒకటే. ఓడని ఒక నెలలో, సముద్రాన్ని ఇంకో నెలలో, ఆకాశాన్ని ఎప్పుడో ఖాళీ దొరికినప్పుడు చేస్తాం. మూడూ మూడు వేర్వేరు రోజుల్లా కనిపిస్తాయి. గాలి ఎటు వీస్తోంది, ఓడ ఎంత వేగంతో పోతోంది, ఎండ ఎటునుంచి పడుతోంది అన్నవి కిట్ పెట్టె విప్పకముందే తేల్చుకోవాలి.

ఇక్కడ ఉదాహరణగా అమెరికా నౌకాదళపు ఫ్లెచర్ తరగతి డిస్ట్రాయర్‌ని (వేగంగా పోయే చిన్న యుద్ధనౌకని) తీసుకుంటున్నాను. 1/700లో, అంటే అసలు ఓడలో ఏడువందో వంతు సైజులో, ఈ ఓడ కిట్ జపాన్ మోడల్ కంపెనీ టామియా చేసింది. అసలు ఓడ పొడవు సుమారు 114.8 మీటర్లు, మోడల్ 16.4 సెం.మీ. వెడల్పు 12 మీటర్లు, అంటే మోడల్‌లో 17 మి.మీ. తొలిసారి చేసేవాళ్లకి ఇంతకంటే పెద్ద ఓడ వద్దు. విమానవాహక నౌక కొని, సగంలో ఆపేసి, అటక మీద పెట్టేసినవాళ్లని చాలామందిని చూశాను. అందులో నేనూ ఉన్నాను.

## 1. కాగితం మీద మూడు నిర్ణయాలు

గాలి. గాలి బలాన్ని అంకెల్లో చెప్పే బ్యూఫోర్ట్ కొలమానంలో ఒక అంకె ఎంచుకోండి. అలల ఎత్తు దాన్నిబట్టే వస్తుంది:

- 3వ అంకె (7-10 నాట్లు; ఒక నాటు అంటే గంటకి సుమారు 1.85 కి.మీ.): అల 0.6 మీటర్లు, మోడల్‌లో 1 మి.మీ. కూడా ఉండదు. తెల్లనురుగు అక్కడక్కడా.
- 4వ అంకె (11-16 నాట్లు): అల 1 మీటరు, మోడల్‌లో 1.4 మి.మీ. తెల్లనురుగు తరచుగా.
- 6వ అంకె (22-27 నాట్లు): అల 3 మీటర్లు, మోడల్‌లో 4 మి.మీ. పైచిలుకు. ఎటు చూసినా నురుగే.
- 8వ అంకె (34-40 నాట్లు): అల 5.5 మీటర్లు, మోడల్‌లో 8 మి.మీ. గాలివాటున నురుగు చారలు.

మొదటిసారికి 4వ అంకె చాలు. చాలామంది కొత్తవాళ్లు ఒక సెంటీమీటరు అల పెట్టేస్తారు. 1/700లో అది ఏడు మీటర్ల అల. అలాంటి సముద్రంలో ఓడ తాపీగా, ఏమాత్రం ఒరగకుండా పోతుంటే ఎవరు నమ్ముతారు?

వేగం. నడిచే ఓడ తన పక్కనే తనకంటూ కొన్ని అలలు పుట్టిస్తుంది. వాటి పొడవు ఓడ వేగాన్నిబట్టి ఉంటుంది. లెక్క సులువు: నాట్లను వర్గం చేసి 0.17తో గుణిస్తే మీటర్లు వస్తాయి. ఆ మీటర్లను 7తో భాగిస్తే 1/700లో సెంటీమీటర్లు.

- 15 నాట్లు: 38 మీటర్లు, మోడల్‌లో 5.5 సెం.మీ. ఓడ పక్కన మూడు అలలు.
- 20 నాట్లు: 68 మీటర్లు, మోడల్‌లో 9.7 సెం.మీ.
- 30 నాట్లు: 153 మీటర్లు, మోడల్‌లో దాదాపు 22 సెం.మీ. అల ఓడకంటే పొడవు. అందుకే వెనక భాగం నీట్లోకి కుంగినట్టు ఉంటుంది.

మనం 20 నాట్లు తీసుకుందాం. ముక్కు దగ్గర ఒక శిఖరం, అక్కడి నుంచి 5 సెం.మీ. వెనక పల్లం, 9.7 సెం.మీ. దగ్గర మళ్లీ శిఖరం. ఈ మూడు చోట్లూ కాగితం మీద గుర్తు పెట్టుకోండి.

వెలుగు. ఎండ ఎడమ నుంచా, కుడి నుంచా? ఉదయమా, మధ్యాహ్నమా? ఒక బాణం గుర్తు గీసి, ఆ కాగితాన్ని బల్ల ముందు గోడకి అంటించండి. నాలుగు వారాల తర్వాత బ్రష్ పట్టుకున్నప్పుడు ఇది గుర్తుండదు.

## 2. కావలసినవి

కిట్ కోసం:

- పదునైన సైడ్ కట్టర్ (గోళ్లు కత్తిరించేది వద్దు, ప్లాస్టిక్‌ని నలిపేస్తుంది)
- సన్నని బ్లేడ్ కత్తి, రెండు ట్వీజర్లు (ఒకటి సూటిగా, ఒకటి వంపుగా)
- 400, 800, 1200 నంబర్ల ఉప్పు కాగితం, ఒక అద్దం ముక్క
- ప్లాస్టిక్ సిమెంటు, సూపర్ గ్లూ, టూత్‌పిక్‌లు, గుండుసూదులు
- ప్రైమర్, యాక్రిలిక్ రంగులు, మ్యాట్ వార్నిష్, 0, 00 నంబర్ బ్రష్‌లు

సముద్రానికీ ఆకాశానికీ:

- 5 మి.మీ. సన్‌బోర్డ్ రెండు ముక్కలు, 30 x 18 సెం.మీ. (ఫ్లెక్సీ బోర్డులు చేసే షాపులో తుక్కు ముక్కలు అడగండి)
- ఫెవికాల్, ముఖం తుడుచుకునే టిష్యూ కాగితం
- గ్లాస్ (gloss, అంటే మెరుపునిచ్చే) జెల్ మీడియం, గ్లాస్ వార్నిష్
- కాన్వాస్ బోర్డు, సుమారు 45 x 30 సెం.మీ.
- ట్యూబు రంగులు: అల్ట్రామెరీన్ బ్లూ, ప్రష్యన్ బ్లూ, విరిడియన్ గ్రీన్, బర్న్ట్ సియెన్నా, ఎల్లో ఓకర్, టైటానియం వైట్
- మూత గట్టిగా పడే రెండు చిన్న డబ్బాలు

థర్మాకోల్ కూడా వాడొచ్చు. కానీ కోస్తే పూసలు పూసలుగా రాలుతుంది. స్ప్రే డబ్బా రంగు తగిలితే కరిగిపోతుంది. నా మొదటి సముద్రం అలాగే పోయింది. నీలం స్ప్రే కొట్టి టీ తాగి వచ్చేసరికి మధ్యలో గిన్నెలా గుంట పడింది.

## 3. హల్ (ఓడ బయటి శరీరం): ఇక్కడ తొందరపడితే చివరిదాకా బాధే

1. స్ప్రూలను (కిట్ భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రాలను) గోరువెచ్చని నీళ్లలో, గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు వేసి కడగండి. అచ్చు నుంచి విడిపించడానికి వాడే నూనె జిడ్డు పోతుంది. గాలికి ఆరనివ్వండి.

2. హల్ రెండు భాగాల్ని జిగురు లేకుండా పట్టి చూడండి. లోపలి పిన్నులు అడ్డొస్తే కోసేయండి.

3. ప్లాస్టిక్ సిమెంటు లోపలి వైపు నుంచి పెట్టండి. మాస్కింగ్ టేప్‌తో బిగించి ఒక రాత్రి వదిలేయండి. రబ్బరు బ్యాండ్ ఎక్కువ బిగిస్తే హల్ అరటిపండులా వంగుతుంది.

4. అద్దం మీద 400 నంబర్ ఉప్పు కాగితం అంటించి, హల్ అడుగును ఎనిమిది అంకె ఆకారంలో మెల్లగా రుద్దండి. అద్దం మీద పెట్టి ముక్కునీ తోకనీ వేలితో నొక్కితే కదలకూడదు.

5. ముక్కు దగ్గర అతుకు గీత కనిపిస్తే పుట్టీ పెట్టి, ఆరాక 800, తర్వాత 1200తో రుద్దండి.

6. మందు సీసా మూత మీద డబుల్ సైడ్ టేప్‌తో హల్‌ని నిలబెట్టండి. ఇకనుంచి మూతనే పట్టుకోవాలి. వేలి జిడ్డు పడినచోట రంగు పట్టదు.

తుపాకులూ, పొగగొట్టాలూ, పడవలూ ఇప్పుడే అంటించొద్దు. ఫ్లెచర్‌కి అయిదు 127 మి.మీ. తుపాకులు, రెండు పొగగొట్టాలు, అయిదేసి టార్పెడో గొట్టాల అమరికలు రెండు ఉంటాయి. అవన్నీ ఉండగా డెక్‌కి రంగు వేయడం, మంచాల కింద ఇల్లు ఊడ్చినట్టే.

## 4. సముద్రం అడుగుభాగం

హల్‌కి పుట్టీ ఆరుతుండగానే ఇది మొదలుపెట్టొచ్చు.

1. సన్‌బోర్డ్ మీద హల్‌ని పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీయండి. అంచులకి సమాంతరంగా పెట్టకండి, పది పదిహేను డిగ్రీలు ఏటవాలుగా ఉంచండి. ముక్కు ముందు 4 సెం.మీ., వెనక అంతకు రెట్టింపు ఖాళీ ఉండాలి. వెనక నురుగు దారికి చోటు కావాలి.

2. గీత వెంట కోసి ఆ ముక్క తీసేయండి. రెండో బోర్డుని కింద అతికించండి. గుంతలో అట్టముక్కలు పేర్చి, హల్ ఒక మిల్లీమీటరు మాత్రమే లోపలికి దిగేలా సరిచూసుకోండి.

3. కోణమాని తీసుకోండి. ఓడ వెనక తెరుచుకునే 'వి' ఆకారపు అలలు, ఓడ నడిచే దారికి ఒక్కో పక్కన దాదాపు 19.5 డిగ్రీల కోణంలో ఉంటాయి. లోతు నీళ్లలో పడవకైనా, బాతుకైనా కోణం ఇంతే. ముక్కు నుంచి రెండు గీతలు గీయండి.

4. టిష్యూ కాగితాన్ని పొరలుగా విడదీయండి. ఒక పొరని సన్నని తాడులా పేని, 'వి' గీతల మీదా, సెక్షన్ 1లో గుర్తుపెట్టుకున్న శిఖరాల దగ్గరా ఫెవికాల్‌తో అతికించండి. 'వి' గీత అంతా ఒకే తాడు వేయకండి. అసలు సముద్రంలో అది చిన్న చిన్న ముక్కలుగా, ఒకదాని వెనక ఒకటి మెట్లలా సాగుతుంది.

5. ఫెవికాల్‌కి సమానంగా నీళ్లు కలపండి. బోర్డంతా ఒక పొర టిష్యూ పరిచి, మెత్తని బ్రష్‌తో ఈ నీళ్లు పూయండి. తడి ఉండగానే బ్రష్ కొనతో గాలికి అడ్డంగా ముడతలు నెట్టండి. 4వ అంకె గాలికి పెద్ద ముడతల మధ్య దూరం సుమారు 2 సెం.మీ., వాటి నడుమ చిన్న ముడతలు. దూరాలు ఒకేలా ఉండకూడదు. కళ్లు మూసుకుని వేసినట్టు ఉంటేనే బాగుంటుంది.

6. తడి ఆరకముందే హల్ అడుగుకి పల్చని వంటింటి ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టి గుంతలో నొక్కి తీయండి. హల్‌కి సరిపడే అచ్చు పడుతుంది.

7. 24 గంటలు ఆరనివ్వండి. వానాకాలమైతే రెండు రోజులు.

రెసిన్ పోయకూడదా అని అడుగుతారు. రెసిన్ తనంతట తాను మట్టంగా పరుచుకుంటుంది. హార్బరులో నిలిచిన నీళ్లకి అది బాగుంటుంది, 20 నాట్ల ఓడకి మాత్రం వద్దు.

## 5. ఓడకి రంగు

1943లో పసిఫిక్‌లో ఈ తరగతి ఓడలు చాలావాటి మీద మెజర్ 21 అనే రంగుల పద్ధతి ఉండేది. నిలువు భాగాలన్నిటికీ నేవీ బ్లూ 5-ఎన్, పైకి చూసే అడ్డ భాగాలన్నిటికీ డెక్ బ్లూ 20-బి. రెండే రంగులు, మాస్కింగ్ తక్కువ. అందుకే మొదటిసారికి ఇదే వేయమంటాను. నేవీ బ్లూలో కొంచెం ఊదాఛాయ ఉంటుంది. మామూలు బూడిద నీలం వేస్తే తేడా తెలిసిపోతుంది.

డబ్బాలో రంగు ఉన్నదున్నట్టు వేయకండి. వైజాగ్‌లో ఉండేవాళ్లు ఆర్కే బీచ్‌కి వెళ్లి ఐఎన్‌ఎస్ కుర్సుర జలాంతర్గామి పక్కన నిలబడి దాని రంగు చూడండి. తర్వాత బీచ్ వెంట బాగా దూరం నడిచి వెనక్కి తిరిగి చూడండి. అదే రంగు వెలిసినట్టు, పాలు కలిసినట్టు కనిపిస్తుంది. 1/700 మోడల్‌ని 30 సెం.మీ. దూరం నుంచి చూస్తున్నామంటే అసలు ఓడని 210 మీటర్ల దూరం నుంచి చూస్తున్నట్టు. అందుకే ప్రతి రంగులో పదో వంతు తెలుపో, లేత బూడిదో కలపాలి. నలుపు బదులు ముదురు బూడిద వాడాలి.

వరుస ఇది:

1. బూడిద ప్రైమర్, పల్చగా. వాన పడుతున్న రోజు స్ప్రే డబ్బా ముట్టొద్దు. గాలిలో తేమ పట్టి తెల్లగా బూజులా తేలుతుంది.
2. నిలువు భాగాల రంగు. బ్రష్‌తో అయితే పాలంత పల్చగా, మూడు పూతలు. ఒక్కో పూతకీ మధ్య కనీసం అరగంట. ఎయిర్‌బ్రష్ ఉంటే 15-20 పీఎస్ఐ ఒత్తిడి.
3. డెక్ రంగు. హల్ అంచుని మాస్కింగ్ టేప్‌తో కప్పండి. టేప్‌ని ముందు అరచేతికి రెండుసార్లు అంటించి జిగురు తగ్గించుకోండి.
4. నీటిగీత దగ్గర నల్లని పట్టీ (ఇక్కడా నలుపు బదులు ముదురు బూడిదే).
5. గ్లాస్ వార్నిష్. అది పూర్తిగా ఆరాకే వాష్.
6. వాష్: ముదురు నీలం బూడిద ఆయిల్ రంగుని వైట్ స్పిరిట్‌లో టీ డికాక్షన్‌లా పల్చగా చేసి, మూలల్లో మాత్రమే తాకించండి. ఓడంతా పులమొద్దు.
7. మ్యాట్ వార్నిష్.

తుప్పు గురించి ఒక మాట. యుద్ధనౌక మీద నావికులు రోజూ గీకి రంగు వేస్తూనే ఉంటారు. లంగరు గొలుసు బయటికొచ్చే రంధ్రం కింద ఒక సన్నని చార చాలు. ఓడంతా ఎర్రగా చేస్తే అది అలంగ్ తీరంలో విరగ్గొట్టడానికి తెచ్చిన ఓడలా ఉంటుంది.

## 6. వెనక ఆకాశం, దూరపు సముద్రం

అసలు కష్టం ఇక్కడే. ఓడలు కట్టేవాళ్లం బొమ్మలు వేయడం వేరే కళ అనుకుని భయపడతాం. టెన్షన్ అక్కర్లేదు, మనం వేసేది గోడకి వేలాడదీసే పెయింటింగ్ కాదు. అయితే ఒక్కచోట మాత్రం తప్పు చేయకూడదు.

క్షితిజరేఖ ఎత్తు. నీరూ ఆకాశమూ కలిసే గీత ఎప్పుడూ చూసేవాడి కంటి ఎత్తులోనే ఉంటుంది. పక్క ఓడ బ్రిడ్జి (ఓడని నడిపించే గది) మీద, నీటికి 12 మీటర్ల ఎత్తున నిలబడి చూస్తున్నట్టు ఊహిస్తే, 1/700లో అది 17 మి.మీ. అంటే వెనక బోర్డు మీద గీత మన సముద్ర మట్టానికి సరిగ్గా 17 మి.మీ. పైన ఉండాలి. ఫొటో తీసేటప్పుడు కెమెరా లెన్సూ అదే ఎత్తులో ఉండాలి. ఫోన్‌ని తలకిందులుగా పట్టుకుంటే లెన్స్ బల్లకి దగ్గరగా దిగుతుంది.

చాలామంది గీతని బోర్డు మధ్యలో వేస్తారు. అప్పుడు చూసేవాడు వంద మీటర్ల ఎత్తులో ఎగురుతున్నట్టు లెక్క. ఓడ మాత్రం పక్కనుంచి కనిపిస్తుంటుంది. "ఏదో తేడాగా ఉంది" అనిపించేది ఇందుకే.

ఒకే డబ్బా రంగు. ముందు సముద్రపు రంగు కలపండి. నడిసముద్రానికి అల్ట్రామెరీన్ రెండు పాళ్లు, ప్రష్యన్ బ్లూ ఒక పాలు, చిటికెడు బర్న్ట్ సియెన్నా. మూత ఉన్న డబ్బాలో కాస్త ఎక్కువే కలిపి పెట్టుకోండి. టిష్యూ సముద్రానికీ, వెనక బోర్డుకీ ఇదే వాడాలి. విశాఖ తీరంలో కనిపించే ఆకుపచ్చ, మట్టి ఛాయలు కలిపితే ఓడ ఒడ్డు దగ్గర ఉన్నట్టు అవుతుంది. పసిఫిక్ మధ్యలో ఓడకి అది కుదరదు.

వేసే వరుస:

1. క్షితిజరేఖ మీద మాస్కింగ్ టేప్ వేయండి. ఒక కొస మిల్లీమీటరు పైకి పోయినా సముద్రం ఒలికిపోతున్నట్టు ఉంటుంది. స్కేలుతో రెండు కొసల్లోనూ కొలవండి.

2. ముందు ఆకాశం. పైన అల్ట్రామెరీన్‌లో తెలుపు, కిందికి దిగేకొద్దీ తెలుపు పెంచుతూ, గీత దగ్గర ఎల్లో ఓకర్ చుక్క కలిపిన లేత రంగు. యాక్రిలిక్ మన ఎండాకాలంలో నిమిషాల్లో ఆరిపోతుంది. ఫ్యాన్ ఆపండి, బోర్డు మీద నీళ్ల స్ప్రే ఒకసారి కొట్టండి, వెడల్పు బ్రష్‌తో ఒకే ఊపులో కలిపేయండి. ఆరిన చోట మళ్లీ రుద్దితే మచ్చలు పడతాయి.

3. మబ్బులు. పైన పెద్దవిగా, గీతకి దగ్గరయ్యేకొద్దీ చిన్నవిగా, చదునుగా, దగ్గరదగ్గరగా. నీడ భాగానికి అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా, తెలుపు కలిపిన బూడిద. గోడ మీది బాణం చూడండి. ఎండ ఎటుంటే మబ్బు అటే తెల్లగా ఉండాలి.

4. టేప్ తీసి, ఆకాశం మీద టేప్ వేసి, దూరపు సముద్రం వేయండి. దూరంగా ఉన్న నీటిని మనం ఏటవాలుగా చూస్తాం కాబట్టి అది ఆకాశాన్నే ఎక్కువ అద్దంలా చూపిస్తుంది. అందుకే గీత దగ్గర డబ్బా రంగులో ఆకాశపు రంగు సగం దాకా కలపండి. కిందికి వచ్చేకొద్దీ అది తగ్గాలి. బోర్డు అడుగున, టిష్యూ సముద్రం ఆనే చోట, పూర్తి డబ్బా రంగు.

5. అలలు: గీత దగ్గర వెంట్రుకల్లాంటి అడ్డగీతలు, కిందికి వస్తూ కాస్త మందంగా. తెల్లనురుగు చుక్కలు దూరంలో వద్దు.

6. టేప్ తీశాక క్షితిజరేఖ కత్తితో కోసినట్టు ఉంటుంది. ఆకాశపు రంగు కొంచెం అద్దిన వేలితో ఒకటి రెండు చోట్ల మసక చేయండి.

యాక్రిలిక్ ఆరాక ఒక ఛాయ ముదురుతుంది. పక్కన అట్ట మీద కొంచెం పూసి, ఆరబెట్టి చూసుకున్నాకే బోర్డు ముట్టండి.

దూరంగా ఇంకో ఓడ వేయాలనిపిస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. 12 మీటర్ల ఎత్తు నుంచి క్షితిజరేఖ 12 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది. అంతకంటే దూరంలో ఉన్న ఓడకి హల్ అడుగు కనిపించదు. పైభాగం, స్తంభాలు మాత్రమే గీత మీద తేలాలి.

## 7. టిష్యూ సముద్రానికి నీలం

డబ్బా రంగుని రెండు పూతలు. ఆరాక ప్రష్యన్ బ్లూ, విరిడియన్ కలిపి బాగా నీళ్లతో పల్చన చేసి పల్లాల్లోకి దించండి. శిఖరాల అంచుకి డబ్బా రంగులో తెలుపు కలిపి, ఎండ వైపు మాత్రమే పొడి బ్రష్‌తో తాకించండి. ఓడ వెనక దారికి లేత ఆకుపచ్చ నీలం. మరలు (ప్రొపెల్లర్లు) కలియబెట్టిన నీళ్లలో గాలిబుడగలు ఉంటాయి, అందుకే ఆ రంగు. ఆ దారి వెడల్పు దాదాపు ఓడంతే, 17 మి.మీ.

పైన గ్లాస్ వార్నిష్ నాలుగు పల్చని పూతలు. మందంగా ఒకటే పూస్తే పాలలా మసక బారి అలాగే ఉండిపోతుంది.

## 8. చిన్న భాగాలు, ఫోటో ఎచ్ రెయిలింగులు

ఫోటో ఎచ్ రెయిలింగులు అంటే పల్చని లోహపు రేకులో రసాయనంతో చెక్కిన డెక్ అంచు కంచెలు. మొదటి ఓడకి రెయిలింగులు మానేసినా ఎవరూ ఏమీ అనరు. పెట్టదలిస్తే:

- ఫ్యాన్ ఆపేయండి. ఒకసారి ఆపకుండా కూర్చున్నాను. చిన్న రెయిలింగ్ ముక్క ఎగిరిపోయింది. మర్నాడు చీపురు పుల్లల మధ్య దొరికింది, స్ప్రింగులా ముడుచుకుపోయి.
- గ్రానైట్ పలక మీద పెట్టి, కొత్త బ్లేడుతో పైనుంచి నిలువుగా నొక్కి కోయండి. ముందుకు లాగితే వంగుతుంది.
- విడిగా ఉన్నప్పుడే రంగు వేయండి.
- సూపర్ గ్లూ చుక్కని అట్ట మీద వేసి, సూది కొనతో అద్ది పెట్టండి. ట్యూబు నుంచి నేరుగా వద్దు.
- ముక్కు దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి. ఒక్కో ముక్క 3 సెం.మీ. మించకూడదు.

తర్వాత తుపాకులు, పొగగొట్టాలు, టార్పెడో గొట్టాలు, చివర్లో స్తంభం.

## 9. ఓడని నీట్లో దించడం

1. గుంతలో గ్లాస్ జెల్ పల్చగా రాసి హల్‌ని కూర్చోబెట్టండి. చుట్టూ ఉన్న సందుని టూత్‌పిక్‌తో జెల్ పెట్టి మూయండి. సందు కనిపిస్తే ఇన్ని రోజుల పనీ దండగే. బేస్‌ని కంటి ఎత్తుకి ఎత్తి, చుట్టూ తిప్పి చూడండి.

2. ముక్కు దగ్గర జెల్‌ని టూత్‌పిక్‌తో పైకి లాగి, బయటికి వాలేలా మీసంలాంటి అల కట్టండి. 20 నాట్లకి 3-4 మి.మీ. ఎత్తు చాలు.

3. ఆరాక టైటానియం వైట్. బ్రష్‌లో రంగు దాదాపు లేనట్టు తుడిచేసి, కొనతో పొడుస్తూ వేయండి. నురుగు ఎక్కడ పడాలంటే: ముక్కు మీసం, 9.7 సెం.మీ. దగ్గరి శిఖరం, 'వి' మెట్ల అంచులు, వెనక దారి రెండు పక్కలా, గాలి అలల శిఖరాల మీద అక్కడక్కడా.

4. పల్లాల్లో సాలెగూడులాంటి పల్చని నురుగు జాలు. శుభ్రమైన స్పాంజి ముక్కతో ఒక్కసారి అద్ది వదిలేయండి.

నురుగు వేస్తున్నప్పుడు ఆపడం చేతకాదు, అందరికీ ఇదే సమస్య. సగం అయిందనిపించగానే బ్రష్ కడిగేసి రేపటికి వదిలేయండి. మర్నాడు చూస్తే చాలాసార్లు అంతే చాలనిపిస్తుంది.

నిజమైన నురుగు చూడాలంటే విశాఖ హార్బరు నుంచి పడవలు బయటికి పోయే వేళ ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసి పెట్టుకోండి. మధ్యాహ్నం తర్వాత తీయండి. తూర్పు తీరంలో అప్పుడు ఎండ మన వీపు వైపు ఉంటుంది, నీటి రంగు తేటగా తెలుస్తుంది. ఉదయం ఎదురెండలో తళతళలు తప్ప ఇంకేమీ దొరకవు.

## 10. తాళ్లు, జెండా

తలవెంట్రుక వాడమని కొందరు చెబుతారు. వెంట్రుక మందం సుమారు 0.07 మి.మీ., 1/700లో అది అయిదు సెంటీమీటర్ల మోకు. యాంటెన్నా తీగకి అది చాలా లావు. స్ప్రూ ముక్కని సాగదీయడమే మంచిది.

కొవ్వొత్తి వెలిగించండి. 10 సెం.మీ. స్ప్రూని రెండు చేతులా పట్టుకుని, మంటకి రెండు మూడు సెంటీమీటర్ల పైన, వేళ్లతో తిప్పుతూ ఉంచండి. మధ్యలో మెరుపు వచ్చి కొద్దిగా కుంగుతుంది. అప్పుడు మంట మీంచి పక్కకి తీయండి. మనసులో "ఒకటి" అనుకుని, చేతుల్ని రెండు పక్కలకీ ఒకే వేగంతో లాగండి. మెల్లగా లాగితే లావు, చురుగ్గా లాగితే సన్నం. లాగాక అలాగే అయిదారు సెకన్లు పట్టుకోండి, లేకపోతే చుట్టుకుపోతుంది. మంటలో ఉండగా లాగితే మధ్యలో తెగుతుంది. పది లాగితే మూడు పనికొస్తాయి. కిటికీ తెరిచే చేయండి, ఆ పొగ పీల్చకూడదు.

కావలసిన పొడవుకి కోసి, రెండు కొసలకీ సూదితో సూపర్ గ్లూ తాకించి అంటించండి. వదులుగా ఉంటే ఆర్పిన అగరబత్తి వేడి కొసని దగ్గరికి తెస్తే చాలు, బిగుసుకుంటుంది. తాకనివ్వొద్దు.

జెండా: అమెరికా యుద్ధనౌక నడుస్తున్నప్పుడు జాతీయ జెండా స్తంభం మీది గాఫ్ కర్రకి (స్తంభం నుంచి వెనక్కి వాలిన చిన్న కర్రకి) ఎగురుతుంది. ఓడ ఆగినప్పుడు మాత్రమే వెనక కర్రకి, ముక్కు దగ్గర జాక్ జెండా. నడిచే ఓడకి ముక్కు జెండా పెట్టడం కనీసం సగం మోడళ్లలో చూస్తాను.

ఇంకో చిక్కు. అలలు అసలు గాలిని బట్టి నడుస్తాయి. జెండా, పొగ మాత్రం ఓడ వేగమూ గాలీ కలిసిన గాలికి ఎగురుతాయి. 20 నాట్లతో పోయే ఓడకి వెనకనుంచి 12 నాట్ల గాలి వీచినా జెండా వెనక్కే ఎగురుతుంది.

## 11. తప్పు జరిగితే

- సూపర్ గ్లూ చుట్టూ తెల్లగా పొగ చారలు: మ్యాట్ వార్నిష్ ఒక పూత వేస్తే చాలావరకు మాయమవుతాయి. ఈసారి చుక్క తగ్గించండి, గది మూసేయకండి.
- టిష్యూ బుడగలా లేచింది: బ్లేడుతో చిన్న కోత పెట్టి, ఫెవికాల్ నీళ్లు ఎక్కించి నొక్కండి.
- సన్‌బోర్డ్ వంగింది: అడుగు వైపు కూడా అదే ఫెవికాల్ నీళ్లతో టిష్యూ అతికించండి. రెండు వైపులా లాగుడు సమానమవుతుంది.
- నురుగు ఎక్కువైంది: డబ్బా రంగుతో మధ్యమధ్య చంపేసి, పైన వార్నిష్ వేయండి. ఆ డబ్బా దాచుకున్నది ఇందుకే.
- వెనక బోర్డుకీ బేస్‌కీ మధ్య గీత: బేస్ వెనక అంచున ఒక అల శిఖరం పెంచి, బోర్డుని రెండు మూడు సెం.మీ. వెనక్కి జరపండి. కెమెరా ఎత్తులో గీత దాగిపోతుంది.
- ఓడ నీడ ఒకవైపు, మబ్బుల నీడ ఇంకోవైపు: బోర్డుని మళ్లీ వేయొద్దు. బల్ల లైటుని మబ్బుల ఎండ వైపుకి మార్చండి.

## 12. మూత పెట్టేముందు

- గుంత చుట్టూ సందు లేదు కదా?
- జెండా, పొగ ఒకే వైపు ఉన్నాయా?
- నురుగు కాగితం మీద గుర్తుపెట్టిన శిఖరాల దగ్గరే ఉందా?
- రెండు కొసల్లోనూ క్షితిజరేఖ 17 మి.మీ.నా?
- స్తంభం నిట్టనిలువుగా ఉందా? ముందునుంచీ, పక్కనుంచీ చూడండి.

యాక్రిలిక్ పెట్టె చేయించుకోండి. మోడల్ పూర్తయిన రోజే మూయకండి, వార్నిష్ వాసన పోయేదాకా వారం రోజులు ఒక అట్టపెట్టె బోర్లించి ఉంచండి. తీరప్రాంతంలో ఉంటే పెట్టెలో ఒక మూల, బేస్ వెనక, సిలికా జెల్ పొట్లం పెట్టండి. దుమ్ము పడితే ఊదకండి. పొడి మేకప్ బ్రష్‌తో ముక్కు నుంచి వెనక్కి, తాళ్ల వెంటే తుడవండి, అడ్డంగా తుడిస్తే తాళ్లు తెగుతాయి.